దిగుడు దారిలో ఖాళీ బండి

ముంబైలో ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి నాగ్‌పాడా వైపు మళ్ళే సందులో, మేముండే వరస గదుల చాల్‌కి నాలుగో ఇంటి కింద, ఒక మిస్త్రీ గాళా ఉంది. గాళా అంటే కింది అంతస్తులో ఒక్క పని గది. అందులో బండి పట్టదు. బండి రోడ్డు మీద ఉంటుంది, మిస్త్రీ బండి కింద ఉంటాడు, గదిలో ఇనుము ఉంటుంది. పత్రిక ఉద్యోగం అయిపోయాక కూడా పొద్దున పూట ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి కూర్చోవడం నాకు మానలేదు. ఆఫీసుకు బదులు ఆ గాళా ముందున్న బల్ల మీద కూర్చునేవాణ్ణి. అతను వద్దనలేదు. చదివేసిన పేపరు అతనికి ఇచ్చేవాణ్ణి. అతనికి తెలుగు చదవడం రాదు. దాన్ని బండి కింద పరుచుకుని పడుకునేవాడు. చదివి పక్కన పడేసేవాళ్ళ కన్నా అతని దగ్గరే ఆ పేపరు ఎక్కువసేపు పనికొచ్చేది.

అతను చేసేది ఒకటే పని. కమాన్ కట్టలు, షాకబ్జర్లు. ఇంజను ముట్టడు. బ్రేకులు పాడైతే పక్క సందులోకి పంపిస్తాడు. కమాన్ కట్ట అంటే చక్రాల దగ్గర విల్లులా వంగి, ఒకదాని కింద ఒకటి పేర్చి ఉండే ఉక్కు పట్టీలు; బరువు మోసేది అవి. షాకబ్జర్ అంటే ఆ పట్టీలు వంగి లేచేటప్పుడు బండి ఊగిపోకుండా పట్టుకునే నూనె గొట్టం. ఇంతే సరంజామా. ఈ రెండింటిలో ఒక జీవితానికి సరిపడా విద్య ఉందని అతని పక్కన కూర్చున్నాకే నాకు తెలిసింది. రోడ్డు మీద పోయే టెంపో చప్పుడు విని, తల ఎత్తకుండానే, ఎడమవైపు వెనక కట్టలో రెండో పట్టీ విరిగిందని చెప్పేవాడు. రెండుసార్లు నేను లేచి వెళ్ళి చూసి వచ్చాను. మూడోసారి వెళ్ళలేదు.

అతని ముత్తాత ఈ ఊరికి రాళ్ళు మోయడానికి వచ్చినవాడు. తాత తాపీ మేస్త్రీ. అతను ఇనుములోకి వచ్చాడు. ఇంట్లో తల్లితో తెలుగు, భార్యతో మరాఠీ, బండ్లవాళ్ళతో హిందీ. మూడింటి మధ్యా గోడలు లేవు. ఒక మాట తెలుగులో ఎత్తుకుని, మరాఠీలో మలుపు తిప్పి, హిందీలో దింపేవాడు. వినేవాళ్ళకు ఎప్పుడూ ఇబ్బంది కలగలేదు. ఒక్కసారి తప్ప.

మా చాల్‌లో, నా గదికి రెండు గదుల అవతల, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉంటాడు. చాలా ఏళ్ళ కింద స్లాబు పనికి వచ్చాడు. తర్వాత డ్రైవింగు నేర్చుకుని సొంతంగా ఒక పికప్ బండి కొనుక్కున్నాడు. ఒక ఏడాది చలికాలంలో తన ఊరివాళ్ళు పద్నాలుగు మందిని వెంటబెట్టుకుని, ముంబైకి మూడు గంటల దూరంలో ఉన్న కొండల్లో ఒక వాగు మీద చెక్‌డ్యాం పని పట్టాడు. తారు రోడ్డు అయిపోయాక పైకి నాలుగు కిలోమీటర్లు రాళ్ళ దారి. రెండు చోట్ల దారే లేదు, వాగులోంచి పోవాలి. సిమెంటు, చువ్వలు, బియ్యం, తాగే నీళ్ళు, అన్నీ ఆ పికప్ మీదే ఎక్కాలి. వేరే డ్రైవర్లను పెట్టి చూశారు. ఒకతను రెండు రోజులు నడిపాడు, ఇంకొకతను ఒక పూట. ఆ దారి ఆయనకే లొంగింది.

ఎండాకాలం మొదట్లో ఆయన నడుము పట్టేసింది. వెన్నులో నరం నొక్కుకుందని, ఎడమ కాలు తిమ్మిరెక్కేది అందుకేనని డాక్టరు చెప్పాడు. ఈ కుదుపులు ఆపకపోతే ఆపరేషన్ తప్పదన్నాడు. వారం రోజులు పడుకోమన్నాడు. నేను చూడటానికి వెళ్తే ఆయన చాప మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపు చూస్తున్నాడు. గోడ సగం లేచిందని, వానలకు ముందు పూర్తి కాకపోతే మొదటి వరదకే కొట్టుకుపోతుందని చెప్పాడు. పైనున్నవాళ్ళంతా ఆయన మాట మీద వచ్చినవాళ్ళు.

"సార్, నాకు రెండు నెలలు సాలు. ఆ సీట్ల కూసోనీకి ఏదన్న ఉపాయం ఉంటె సెప్పుండ్రి. తర్వాత ఆ డాక్టరు ఏడ కొయ్యమంటె ఆడ కోయించుకుంట."

నాకు తెలిసిన ఉపాయం మిస్త్రీ ఒక్కడే. డ్రైవరు ఊరి మనిషి ఒకతను బండిని గాళా ముందుకు తెచ్చి నిలబెట్టాడు. డ్రైవరు పడుకున్న చోటు నుంచే ఫోన్ చేశాడు. మిస్త్రీ చేతులకు గ్రీజు ఉండటంతో ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాను. పక్క గాళాలో గ్రైండరు మోగుతోంది.

"నరమే తమ్మీ. బాద అంత నరం కాడనే ఉన్నది. గుంతల పడ్డప్పుడల్ల పానం పోతున్నది."

"నరమ్? సమజైంది అన్నా. లయ్ నరమ్ అయిందా?" లయ్ అంటే మరాఠీలో చాలా అని.

"లయ్ గాదు, శాన."

"ఫికర్ చెయ్యకు. గట్టిగ చేస్త."

"గట్టిగ జెయ్యి తమ్మీ. నీ బాంచెను, రెండు నెలలు ఆగితె సాలు."

ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఇద్దరికీ తృప్తి కలిగింది. నేను ఆ మాట విన్నాను. నాకు అది ఎంత స్పష్టంగా అర్థమైందంటే, పక్కవాడికి ఎలా అర్థమైందోనని అనుమానమే రాలేదు.

మిస్త్రీ ఆ బండిని రెండు రోజుల్లో తయారు చేశాడు. వెనక కట్టలకు చెరో రెండు పట్టీలు ఎక్కించాడు. నాగ్‌పాడా మార్కెట్లో తిరిగి, పెద్ద బండ్లకు వాడే బిగువైన షాకబ్జర్లు పట్టుకొచ్చాడు. పని పూర్తయ్యాక బండి నాలుగు వేళ్ళ ఎత్తు లేచి, రొమ్ము విరుచుకుని నిలబడింది. నేను వెనక తలుపు మీద బలంగా నొక్కాను. కదల్లేదు. నాకు కూడా గర్వంగానే అనిపించింది. వారం గడిచాక డ్రైవరు నెమ్మదిగా మెట్లు దిగి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం మీద చెయ్యి వేసి, మంచి పని చేశావన్నాడు. ఆ మధ్యాహ్నమే కొండకు వెళ్ళిపోయాడు.

మూడో రోజు లోకల్ రైల్లో తిరిగి వచ్చాడు. బండి తారు రోడ్డు చివర వదిలేశాడట. సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేక దారంతా నిలబడే వచ్చానన్నాడు. గాళా ముందు కూడా నిలబడే మాట్లాడాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు.

"తమ్మీ, నువ్వు జేసింది మంచిగనే ఉండొచ్చు. నా నడుము ఓర్వలే."

మిస్త్రీకి అర్థం కాలేదు. బండి మాటల్లోకి నడుము ఎందుకు వచ్చిందో తెలియక నా వైపు చూశాడు. "నువ్వే కద అన్నా, నరమ్ అంటివి?"

"ఔ. నరమే."

"మరి గట్టిగ చేస్తి కద."

ఇద్దరూ మళ్ళీ అదే మాట దగ్గర ఆగిపోయారు. పై అంతస్తు గ్యాలరీలో మిస్త్రీ తల్లి కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. ఆమెకు డెబ్బై దాటాయి. ఆ ఇంట్లో తెలుగు పూర్తిగా మిగిలింది ఆమె దగ్గరే. కఠినంగా కాదు, బియ్యంలో రాయి కనబడినప్పుడు అన్నట్టు అంది.

"ఓరి పిచ్చోడా. ఆయన అనేది నడుముల నరం రా. నస. నస దబ్లీ. నువ్విన్నది మెత్తగ."

పక్క గాళాలో ఆ రోజూ మోగుతున్న గ్రైండరు ఆ క్షణంలోనే ఆగింది. మిస్త్రీ పుట్టి పెరిగిన భాషలో నరమ్ అంటే మెత్తన. మరాఠీలోనూ అంతే, హిందీలోనూ అంతే. బండి మెత్తబడింది, పట్టీలు కూలబడ్డాయి, బిగించమంటున్నాడు అని విన్నాడు, బిగించాడు. డ్రైవరు నొక్కుకుపోయిన నరం గురించి చెప్పాడు. బాధ గట్టిదైతే మందు కూడా గట్టిది వేయమన్నాడు. నడుము సంగతి మిస్త్రీకి నేను ముందే చెప్పి ఉంటానని డ్రైవరు అనుకున్నాడు. డ్రైవరే చెప్పాడు కదా అని నేను అనుకున్నాను. జీవితమంతా ఇతరుల వాక్యాల్లో తప్పులు వెతికినవాణ్ణి, రెండు అర్థాలూ తెలిసినవాణ్ణి, మధ్యలో కూర్చుని ఫోన్ స్పీకరు నొక్కాను. తప్పు నాదని ఇద్దరితోనూ చెప్పాను. వాళ్ళు దాన్ని పట్టించుకోలేదు.

నేను ఆ మిస్త్రీని గౌరవించడం మొదలుపెట్టింది ఆ పూటే. అంతకుముందు ఉన్నది ఆశ్చర్యం మాత్రమే. అతను ఫోన్‌ను అనలేదు, గ్రైండరును అనలేదు, నన్ను అనలేదు. చేతులు తుడుచుకుని డ్రైవరు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"బండికేమైందో అడిగిన అన్నా. నీకేమైందో అడగలే. ఇప్పుడు చెప్పు. ఎప్పుడు నొస్తది? ఎక్కంగనా, దిగంగనా?"

డ్రైవరు దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. కళ్ళు మూసుకుని ఆ దారంతా మనసులో ఒకసారి నడిపి వచ్చాడు.

"దిగంగ," అన్నాడు. "ఎక్కంగ బస్తాలుంటయి, ఊగుతది అంతే. దిగంగ ఖాళీ ఉంటది గద. ఎగిరెగిరి కొడతది."

మిస్త్రీ తల ఊపి, మర్నాడు తెల్లవారగానే కొండకు పోదామన్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు.

రైల్లో, తర్వాత జీపులో వెళ్ళి తారు రోడ్డు చివర బండి చేరుకున్నాం. డ్రైవరు కూర్చోలేడు కాబట్టి బండి నడపడానికి పైనుంచి ఒకతను దిగి వచ్చాడు. డ్రైవరు వెనక ట్రాలీలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళ డ్రమ్ములు వేసుకుని పైకి వెళ్ళాం. బయలుదేరే ముందు మిస్త్రీ జేబులోంచి రబ్బరు బ్యాండ్లు తీసి, ఒక్కో షాకబ్జర్ కడ్డీకి ఒకటి తొడిగాడు. కడ్డీ ఎంత లోపలికి పోతే బ్యాండు అంత పైకి జరుగుతుంది. అంటే చక్రం ఎంత కదిలిందో అది చెప్పేస్తుంది. పైకి చేరాక బ్యాండ్లు చూసి, వాటిని మళ్ళీ మొదటికి జరిపి, డ్రమ్ములు దింపించాడు.

దిగేటప్పుడు అతను బండి ఎక్కలేదు. నడక వేగంతో నడపమని చెప్పి, వెనక చక్రం పక్కనే వంగి నడిచాడు. రాళ్ళ మీద కాళ్ళు జారుతున్నా చూపు చక్రం మీదనుంచి తీయలేదు. నేను కాస్త వెనక నడుస్తున్నాను. రాయి ఎక్కిన ప్రతిసారీ చక్రం పైకి ముడుచుకోవాల్సింది పోయి, ట్రాలీ మొత్తాన్ని ఎత్తి పడేస్తోంది. కొన్నిచోట్ల చక్రం నేలను వదిలేసి గాలిలో తిరిగింది. అర్ధ కిలోమీటరు వెళ్ళాక మిస్త్రీ ఉన్నట్టుండి నిలబడిపోయి, చక్రాన్ని వదిలేసి డ్రైవరు కాళ్ళ వైపు చూడసాగాడు. ఎగిరిపడే ట్రాలీలో ఆయన మోకాళ్ళు మడిచి, చాచి, మడిచి నిలబడుతున్నాడు. నడుము నుంచి పైన మనిషి దాదాపు కదలడం లేదు.

"చూసినవా పేపర్ సార్," అన్నాడు నాతో. "అన్నకు మోకాళ్ళున్నయి. బండికి లేవు."

కిందికి చేరాక బ్యాండ్లు చూపించాడు. రెండు వేళ్ళ మందం కూడా జరగలేదు. నిండు బరువు కోసం పేర్చిన పట్టీలు ఖాళీ బండికి వంగవు. వంగనప్పుడు ప్రతి రాయీ నేరుగా సీటులోకి వస్తుంది. మొదట అది దిగేటప్పుడు మాత్రమే ఉండేదని, తాను మరో రెండు పట్టీలు ఎక్కించి ఎక్కేటప్పుడు కూడా తెచ్చిపెట్టానని అతనే వివరించాడు. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదన్నట్టు చెప్పాడు. బండిని అతనే మెల్లగా నడుపుకుంటూ ముంబైకి తెచ్చాడు.

తర్వాతి నాలుగు రోజులు నేను పేపరు చదవలేదు.

ముందు అతను తాను ఎక్కించిన పట్టీలు తీశాడు. తర్వాత బండితో వచ్చినవి కూడా విప్పి రోడ్డు పక్కన వరసగా పేర్చాడు. విరిచేసిన ఒక పాత జీపు నుంచి పొడుగాటి పలుచని పట్టీలు తెచ్చాడు. వాటిని దిమ్మ మీద పెట్టి సుత్తితో కొడుతూ వంపు ఎక్కించాడు. ఒక దెబ్బ, ఒక చూపు, ఒక దెబ్బ. ఒకదాని మీద ఒకటి జారాలని పట్టీల కొసలు అరగదీశాడు. మధ్యలో పలుచని రబ్బరు ముక్కలు పెట్టాడు. వాటికి విడిగా, లావుపాటి పట్టీలు రెండింటిని ఇంకో కట్టగా అమర్చాడు. ఖాళీగా ఉన్నప్పుడు ఆ రెండో కట్ట ఊరికే ఉంటుంది. బరువు పడి బండి కుంగినప్పుడే ఆనుకుంటుంది. దిగేటప్పుడు మెత్తగా ఉండాలి, ఎక్కేటప్పుడు గట్టిగా ఉండాలి; రెండూ ఒకే బండిలో ఉండాలంటే ఇదే దారి అన్నాడు.

షాకబ్జర్లను ఎంచడం చూడాల్సిన సంగతి. ఎనిమిది తెచ్చి గడప మీద వరసగా నిలబెట్టాడు. ఒక్కోదాన్ని చేత్తో నొక్కి, కళ్ళు మూసుకుని వదిలాడు. లోపలికి తేలిగ్గా పోవాలి, బయటికి నిదానంగా రావాలి. తొందరగా వచ్చేది సీటును తంతుందట. ఎనిమిదిలో నాలుగు నిలిచాయి. అవి పాతవాటికన్నా పొడుగు. అందుకని వాటి కొక్కేలను పక్క గాళా వెల్డింగు అతనితో ఎత్తు మార్పించాడు. చక్రం కిందికి ఎక్కువ వేలాడితే తెగుతుందని, బ్రేకు గొట్టం కూడా పొడుగుది వేయమని పక్క సందుకు పంపాడు. ముందు చక్రాల స్ప్రింగులూ మార్చాడు.

నాలుగు మూలలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడటానికి అతను టేపు వాడలేదు. గదిలోంచి ఒక ఇత్తడి గుండు తెచ్చాడు. తాపీవాళ్ళు గోడ నిలువు చూసేది, తాత వాడింది. మడ్‌గార్డు అంచు నుంచి దారం వేలాడదీసి, చక్రం నడిమి బిందువు దగ్గర దారానికి ముడి వేశాడు. అలా నాలుగు ముడులు. కుడివైపు ముందు మూల కొంచెం ఎత్తుంది. డ్రైవరును పిలిచి సీట్లో కూర్చోబెట్టాడు. మూల సరిగ్గా మిగతా ముడుల ఎత్తుకు దిగింది. ఆయన ఒంటి బరువు ముందే లెక్కలో వేసుకున్నాడన్నమాట.

ఇక రెండో కట్ట ఎప్పుడు ఆనుతుందో చూడాలి. బస్తాలు లేవు. మిస్త్రీ రోడ్డు మధ్యకు వెళ్ళి పోయేవాళ్ళను పిలవడం మొదలుపెట్టాడు. చాయ్ గ్లాసులతో అరుగు మీద కూర్చున్న ముసలాళ్ళు ముగ్గురు ఎక్కారు. కూరగాయల సంచులతో వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు, ఎందుకో అడిగి, నవ్వి, సంచులతో సహా ఎక్కారు. వెల్డింగు అతను ఎక్కాడు. ఒక పోస్ట్‌మాన్ కూడా ఎక్కాడు. మిస్త్రీ కింద పడుకుని ఒక్కొక్కరినీ ఎక్కమని చెబుతున్నాడు. పట్టీల మధ్య సందు ఒక కాగితం మందం మిగిలిందన్నాడు.

"పేపర్ సార్, మీరు బి చడా."

నేను ఎక్కాను. కింద టిక్కుమని చిన్న చప్పుడైంది.

"బరాబర్. లాగ్లా, ఆనింది," అన్నాడు బండి కింది నుంచి.

కూరగాయలావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, చివరి కిలో ఈయనదేనన్నమాట అని తోటావిడతో అంది. గ్యాలరీలోంచి మిస్త్రీ తల్లి, అంత మందిని ఎక్కించుకుని కొడుకు యాత్రకు పోతున్నాడా అని అడిగింది. ఎవరూ వెంటనే దిగలేదు. చాయ్ తాగడం పూర్తయ్యాకే దిగారు.

బండి ఈసారి రొమ్ము విరుచుకుని లేదు. మామూలుగా, కాస్త వదులుగా, రోడ్డు మీద నిలబడ్డ మనిషిలా ఉంది. వెనక తలుపు మీద నొక్కితే నిదానంగా దిగి, నిదానంగా లేచి, ఆగింది. మిస్త్రీ డ్రైవరుకు రెండు జాగ్రత్తలు చెప్పాడు. తారు అయిపోయిన చోట టైర్లలో గాలి కొంత తీసేయాలి, తిరిగి తారు ఎక్కేటప్పుడు మళ్ళీ నింపుకోవాలి. ఖాళీగా ఉంది కదా అని వేగం పెంచకూడదు. ఆ నాలుగు రోజుల విశ్రాంతితో డ్రైవరు కూర్చోగలిగాడు, కానీ ముఖంలో ధైర్యం లేదు. మేమిద్దరం కూడా వెంట వెళ్ళాం.

బండి సిమెంటు బస్తాలతో పైకి ఎక్కింది. మేం పైకి పోలేదు. తారు రోడ్డు చివర, నీళ్ళ డ్రమ్ములు ఎక్కించడానికి ఉన్న ఇద్దరు పనివాళ్ళ పక్కన, ఒక మైలురాయి మీద కూర్చున్నాం. ఖాళీగా ఒక్కడే దిగి రావాలని మిస్త్రీ పట్టుబట్టాడు; మేముంటే మా బరువు అబద్ధం చెబుతుందన్నాడు. తర్వాత ఆ చెక్‌డ్యాం వానలకు రెండు వారాల ముందే పూర్తయింది, మొదటి వరదకు నిలిచింది. డ్రైవరు ఇప్పటికీ ఆపరేషన్ బల్ల ఎక్కలేదు. ఆ పూట మాకు అవేవీ తెలియవు. మిస్త్రీ ఒక గడ్డిపోచ కొరుకుతూ కూర్చున్నాడు. బండి శబ్దం ముందు వినబడింది. అతను తల వంచి విన్నాడు. బండి ఎగిరిపడుతుంటే ట్రాలీ తలుపు గొలుసు మోగాలి, మోగడం లేదు.

బండి మలుపు తిరిగి వచ్చి మా ముందు ఆగింది. మిస్త్రీ లేవలేదు, ఎలా ఉందని అడగలేదు. తలుపు తెరిచాక ఏ కాలు ముందు పడుతుందో చూస్తున్నాడు. తిమ్మిరెక్కే ఎడమ కాలే పడింది. డ్రైవరు దాని మీద బరువు వేసి నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టకుండా బండి చుట్టూ వెనక్కి నడిచాడు.

"ఆ డ్రమ్ములు గిన ఏసుకుంట," అన్నాడు. "పొద్దుంది గద, ఇంకోపారి ఎక్కొస్త."

మిస్త్రీ అప్పుడు లేచి, పేపరు పరుచుకుని బండి కింద దూరాడు, కట్టలు చూడటానికి. పై నుంచి నీళ్ళ డ్రమ్ము ట్రాలీలో పడిన చప్పుడు, వెంటనే రెండోది. బండి నిదానంగా కుంగింది. కిందినుంచి అతని గొంతు వినబడింది.

"అరే అన్నా, జర రుక్. నేనింక బయటికి రాలే."